అయిపోయేదే ఇచ్చిన తిమ్మక్క

తిమ్మక్క ఎవరింటికైనా ఏదైనా తీసుకుపోతే, దాన్ని వాళ్ళ చేతికి ఇచ్చే ముందు మూట విప్పి ఒక చిటికెడు తన నోట్లో వేసుకునేది. వాళ్ళు చూస్తూ ఉండగానే నమిలి మింగేది. మిగిలింది వాళ్ళ ముందుకు జరిపి గోడకు ఆనుకుని కూర్చునేది. ఇక అంత సులువుగా లేచేది కాదు. కాఫీ ఇస్తే వద్దనేది. మాట కలిపితే పొడిపొడిగా జవాబు చెప్పేది. వాకిట్లో నీడ ఈ గడప నుంచి అవతలి అరుగు దాకా పాకిందాకా కూర్చుని, తన చేతులు తానే తిప్పి చూసుకుని, "సరే, ఇంక మీరు తినండి" అని చెప్పి వెళ్ళిపోయేది.

ఇంకొకరికి ఇవ్వబోయేదాన్ని ముందే రుచి చూడడం బాగేపల్లి పల్లెల్లో పెద్ద అమర్యాద. ఓళిగల పూర్ణంలో బెల్లం సరిపోయిందో లేదో కూడా నోట్లో వేసుకోకుండా, వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపి తెలుసుకునే ఆడవాళ్ళున్న ఊళ్ళవి. ఎంగిలి తెచ్చి పెడుతుందని తిమ్మక్కను కొందరు వెనక ఆడిపోసుకున్నారు. "ఆయమ్మకు నాలిక నిలవదు పాపం. దారిలో తినలేక మన ఎదురుగానే తింటాది" అని నవ్విన వాళ్ళూ ఉన్నారు.  నవ్విన వాళ్ళ ఇంట్లో ఆమె మరి కాసేపు ఎక్కువే కూర్చునేది.

మొదట్లో ఆమె ఇట్లా ఉండేది కాదు.

తిమ్మక్క పుట్టిల్లు సాదలి. బాగేపల్లి దగ్గరి పల్లెలో ఆంజనేయప్పకు ఇచ్చి పెళ్ళి చేశారు. వానను నమ్ముకున్న చేలు, రాగులు, చెనిక్కాయలు, రెండెద్దులు. ఆంజనేయప్పకు ఒక అక్క ఉంది, అక్కమ్మ. ఆమెను చిక్కబళ్ళాపురంలో ఉర్లగడ్డల మండీ, అంటే బంగాళాదుంపల టోకు అంగడి, ఉన్న గంగాధరప్పకు ఇచ్చారు. ఆ ఇంట్లో లేని వస్తువు లేదు. రేడియో ఉంది, గంటలు కొట్టే గోడ గడియారం ఉంది, అద్దాల బీరువా ఉంది. పెండ్లిండ్లకూ పండుగలకూ చుట్టాలు ఇచ్చినవి ఎక్కడ పెట్టాలో తెలియక అటక మీద అటక కట్టించారు.

ఒక ఉగాదికి పెద్ద గుండిగ దించమని అక్కమ్మ మరదలిని ఆ అటక ఎక్కించింది. పైన చీకట్లో ఇత్తడి బిందెలు, తాంబాళాలు, దీపపు సెమ్మెలు, ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. అన్నింటి మీదా ఇచ్చినవాళ్ళ పేర్లు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉన్నాయి. వాటి నడుమ తిమ్మక్కకు తన తల్లి ఈ ఇంటికి ఇచ్చిన చెంబు కనిపించింది. చదువు రాదు గనక పేరు చూసి కాదు, మూతి దగ్గరి సొట్ట చూసి గుర్తుపట్టింది. సంతంతా తిరిగి, కంచరి దగ్గర కూర్చుని, బతిమాలి పేరు కొట్టించుకుని తెచ్చిన చెంబు. లోపల బల్లి గుడ్లు పెట్టింది.

కిందికి దిగి తిమ్మక్క ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె ఎవరికీ గిన్నె గానీ, గుడ్డ గానీ, బొమ్మ గానీ ఇవ్వలేదు. "అన్నీ ఉండేవాళ్ళకు ఇంకోటి ఇస్తే యాడ పెట్టుకుంటారు? ఇస్తే అయిపోయేదే ఇయ్యాల. అయిపోతే మళ్ళా మనల్ని తల్చుకుంటారు" అనేది.

అట్లాగని చేతికందింది కట్టి ఇచ్చేది కాదు. ఆ ఇంట్లో ఏది ఖర్చవుతుందో చూసి పెట్టుకునేది. కాళ్ళు పగిలే ముసలామెకు మైనం కరిగించిన ఆముదం. వక్కాకు నమిలే మేష్టరుకు తడిగుడ్డలో చుట్టిన లేత ఆకులు. పాడీ పంటా సమృద్ధిగా ఉన్న పెద్ద రైతు ఇంటికి, తానే పత్తి తీసి తొడ మీద చేసిన దీపపు ఒత్తులు. "ఇదేం తెచ్చినావే" అని ఇచ్చిన రోజు మూతి విరిచినవాళ్ళే, అవి అయిపోయాక సంతలో కనిపించి, "ఒత్తులు అయిపాయె తిమ్మక్కా" అనేవాళ్ళు. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండేది.

అన్నింటిలోకీ ఆమె చేయి తిరిగినది రాగుల పేలపిండి. రాగుల్ని మజ్జిగ నీళ్ళు చల్లి మూటగట్టి ఉంచి, కాలిన బాండలిలో పేలాలు చేసి, తిరగట్లో విసిరి, పలుచటి గుడ్డలో జల్లించేది. పాలలో బెల్లం వేసి కలుపుకుంటే ముసలివాళ్ళకూ పసివాళ్ళకూ బలం. ఇంట్లోకైతే ఏ రాగులైనా సరేననేది గానీ, ఇవ్వడానికి మాత్రం విత్తనాల బాన దించేది. విత్తనానికని కంకి కంకి చూసి ఏరిన రాగుల కంటే మంచివి ఇంకెక్కడ ఉంటాయి? ప్రతి ఏడూ అందులోంచి రెండు మూడు శేర్లు తీస్తుందని ఆంజనేయప్పకు తెలియదు. అడిగితే వద్దంటాడని ఆమె చెప్పేది కాదు.

వ్యవసాయం సంగతులు చెప్పే సర్కారు గ్రామసేవకుడు సైకిలు మీద పల్లెలు తిరగడం మొదలైన కాలమది. ఆ చలికాలం చివర తిమ్మక్క చెల్లెలి పురుడుకని సాదలి పోయి ఉంది. అప్పుడు గ్రామసేవకుడు వచ్చి, విత్తనాలకు పట్టించమని బూడిద రంగు మందు పొడి ఇచ్చాడు. చీడ రాదు, మొలక తప్పదు అన్నాడు. పట్టించిన గింజ మనిషి గానీ గొడ్డు గానీ నోట పెట్టకూడదని, బానకు ఏదైనా గుర్తు పెట్టమని మరీ మరీ చెప్పిపోయాడు. ఆంజనేయప్ప చెప్పింది చెప్పినట్టే చేశాడు. మందు కలిపి, చేతులు మట్టితో తోముకుని, పొట్లం కాగితం కాల్చేసి, గుర్తుగా బాన మూతికి ఒక వేపమండ కట్టాడు.

ఆ ఇంట్లో పురుగు పట్టకుండా ప్రతి బానకూ వేపమండ ఉంటుంది. అది ఆయనకు తట్టలేదు.

తిమ్మక్క తిరిగొచ్చేటప్పటికి ఒక ఎద్దుకు గాళ్ళు వచ్చి, నోరూ గిట్టలూ పుండ్లు పడి, ఇల్లంతా ఆ గొడవలో ఉంది. మందు మాట మరుగున పడింది.

వైశాఖంలో గంగాధరప్పకు షష్టిపూర్తి. అంతటి షావుకారుకు ఏమి తీసుకుపోవాలని ఊళ్ళో చుట్టాలు తలలు బద్దలు కొట్టుకుంటుంటే, తిమ్మక్క నెమ్మదిగా విత్తనాల బాన దించింది. పైన వేపమండ చూసి, "మేలు, ఈసారి మా ఆయప్పకు బుద్ధి వచ్చింది, కొత్త మండ కట్టినాడు" అనుకుంది. రాగులు కొంచెం దుమ్ముగా ఉన్నాయి. కళ్ళం దుమ్మనుకుని చెరిగింది. పేలాలు చేస్తున్నప్పుడు పొగ ఎక్కువై తలనొప్పి వచ్చింది. నాలుక మీద ఇత్తడి చెంబు నాకినట్టు ఏదో రుచి. ఎండకని, కాసిని మజ్జిగ తాగి పని ముగించింది. పిండిని నోట పెట్టలేదు. ఇవ్వబోయేదాన్ని ఎవరు నోట పెడతారు?

షష్టిపూర్తి నాడు చిక్కబళ్ళాపురం ఇంటి హాలులో వెండి గిన్నెలు, ఇత్తడి గంగాళాలు వరుసగా పెట్టారు. వాటి పక్కన తిమ్మక్క తన తగరం డబ్బీ పెట్టింది. బెంగళూరు నుంచి వచ్చిన చుట్టాలావిడ ఒకరు మూత తీసి చూసి మళ్ళీ మూసింది.

"షావుకారుకు ముద్దకు పిండి లేదని తెస్తివేమమ్మా?"

"ముద్దపిండి కాదమ్మా, పేలపిండి. మీరిచ్చిన గంగాళం నూరేండ్లు ఉంటాది. నేనిచ్చింది నెల ఉండదు. నాకంతే కావాల" అంది తిమ్మక్క.

ఆడవాళ్ళు నవ్వారు. అక్కమ్మ కూడా నవ్వి, డబ్బీ తీసి లోపల పెట్టించింది.

కొన్నాళ్ళకు చిక్కబళ్ళాపురం సంత నుంచి వచ్చిన బండిలో ఆ డబ్బీ తిరిగి వచ్చింది. ఖాళీ డబ్బీ వాపసు పంపకూడదని అందులో గుప్పెడు కలకండ వేసి ఉంది. తిమ్మక్క మొహం విప్పారింది. ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు. "అప్పుడే అయిపోయినట్టుండాది. గంగాధరప్పన్నకు బాగా పట్టినట్టుండాది" అని భర్తకు చెప్పుకుని మురిసిపోయింది. కలకండ ఒక పలుకు దేవుడి గూట్లో పెట్టింది.

వాన పడింది. బేస్తవారం మంచిదని విత్తడానికి నిశ్చయించారు. తెల్లవారి ఆంజనేయప్ప బాన దించి, మూత తీసి, చేయి పెట్టకుండా లోపలికి వంగి చూశాడు.

"ఏమ్మే, ఇందులో యారన్నా చెయ్యి పెట్టినారా?"

"నేనే తీస్తిని, కొంచెం."

"ఏంటికి?"

"అన్నకు పేలపిండికి. రెండు శేర్లకేమప్పా అట్ల చూస్తావు?"

ఆంజనేయప్ప లేచి నిలబడ్డాడు. అరిచి ఉంటే బాగుండేది. అతను గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు తింటివా?"

"లేదు."

"మన ఇంట్లో ఎవురన్నా తినిరా?"

"ఇచ్చేది మనమెందుకు తింటాం? ఏమాయె?"

"అది మందు పట్టించిన గింజ. తింటే మనిషి బతకడని చెప్పిపోయినాడు ఆయప్ప. గుర్తుకు వేపమండ కడితినే, చూడలేదా నువ్వు?"

తిమ్మక్క ఇంటి మూలనున్న బానలన్నింటి వైపూ చూసింది. అన్నింటి మీదా వేపమండలు ఉన్నాయి. ఆంజనేయప్ప కూడా అప్పుడే వాటిని చూశాడు. 

దేవుడి గూట్లో కలకండ తెల్లగా మెరుస్తోంది. డబ్బీ ఖాళీ అయింది గనకనే అది వచ్చింది. అయిపోయింది గనకనే వచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరింట్లోనైనా తానిచ్చింది అయిపోవాలని కోరుకున్న మనిషి, ఆ పొద్దు చీర కుచ్చిళ్ళు సరిగా దోపుకోకుండానే బస్సు కోసం రోడ్డు మీదికి పోతూ, ఒక్కసారికి అది అటక మీద పడి ఉండాలని, బల్లులు గుడ్లు పెట్టి ఉండాలని, తన డబ్బీ మాత్రమే తోమి పంపి ఉండాలని తనకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది. ఆంజనేయప్ప తానూ వస్తానన్నాడు. ఊళ్ళో నలుగురూ అడుగుతారని, ఆమె వద్దంది.

బస్సులో గాజుల సీనప్ప ఉన్నాడు. చిక్కబళ్ళాపురం నుంచి గాజుల మలారం మోసుకుని ఊరూరూ తిరిగే మనిషి. తెలియని ఇల్లు లేదు అతనికి.

"ఏమక్కా, విత్తే పొద్దు బస్సెక్కితివి? ఆంజనేయప్పతో కొట్లాడి పోతాండావా?"

"వదినెను చూసేదానికి."

"చేతిలో డబ్బీ లేదే. నువ్వు వట్టి చేతులతో పోయేది నేనెప్పుడూ చూడలేదు."

తిమ్మక్క కిటికీ వైపు తిరిగింది. సీనప్ప ఊరుకునే రకం కాదు.

"అక్కమ్మగారి ఇల్లే గదా? మొన్న ఆ వీధిలో తిరిగితి. గాజులు ఎవురూ వేయించుకోలే. షావుకారు ఇంట్లో పోయిందంట అని చెప్పుకుంటాండ్రి."

"ఏం పోయింది?"

"అది నేనడగలా. అందరూ మొగాలు వేలాడేసుకోని ఉండ్రి. ఉన్నట్టుండి పడిపోయిందంట, నోట్లో నురగంట. దిష్టి అని ఒకాయమ్మ చెప్పె."

పోయాడు అంటే మగమనిషి. అప్పుడు గంగాధరప్ప అని తెలిసిపోయేది. పోయింది అంటే వదినె కావచ్చు, పనిమనిషి కావచ్చు, గొడ్డు కావచ్చు. ఆ ఒక్క మాటను తిమ్మక్క దారి పొడుగునా అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. వదినె పోతే కబురు రాదా? మొన్న పోతే నిన్నటికి మనిషి రావాలి. లేకపోతే ఇప్పుడే బయలుదేరి ఉంటాడు. ఎదురుగా వచ్చే బస్సులో ఉంటాడు. పేరేసంద్ర దగ్గర ఎదురు బస్సు వచ్చి ఆగితే, ఆమె కళ్ళు మూసుకుంది. అది కదిలిపోయిందాకా తెరవలేదు.

"ఏమక్కా, బస్సు పడలేదా? నిమ్మకాయ వాసన చూస్తావా?" అన్నాడు సీనప్ప.

చిక్కబళ్ళాపురంలో ఆ వీధి మలుపు తిరిగేటప్పుడు ఆమె ముందు చెవులు పెట్టి విన్నది. ఏడుపు లేదు. గుమ్మం ముందు ముగ్గు ఉంది. చావు జరిగిన ఇంట్లో ముగ్గు పెట్టరు. గడప దాటితే అక్కమ్మ పెరటి వైపు వసారాలో మునగాకు దూస్తోంది.

"ఏమే తిమ్మక్కా, ఇట్ల ఒకతే వస్తివి?"

"వదినా, పోయింది ఎవురు?"

"పోయేదేంది?"

"ఇంట్లో పోయిందంట గదా."

"ఓ, పెయ్యనా? అవునే. ఆవు ఈని నెల కాలే, బంగారం మాదిరి పెయ్య. పొద్దన ఆడుకుంటా ఉండె, మద్యాన్నానికి పడిపాయె. దానికోసరం వస్తివా?" అక్కమ్మ ఆమె మొహం చూసి మునగాకు పక్కన పెట్టింది. "ఏమాయె? తమ్ముడు బాగుండాడా?"

"అన్న యాడ?"

"మండీలో. ఆయప్పకేమి, రాయి మాదిరి ఉండాడు."

తిమ్మక్క స్తంభానికి ఆనుకుని కూర్చుంది. బతికే ఉన్నారు. ఇద్దరూ బతికే ఉన్నారు. అప్పుడు అడిగింది.

"వదినా, నేనిచ్చిన పిండి ఏమి చేస్తివి?"

అక్కమ్మ కాస్త సిగ్గుపడింది. "నీతో దాచేదేంది. మీ అన్నకు డాక్టరు ఏదో డబ్బా పొడి రాసిచ్చినాడు, పొద్దన్నే అదే తాగుతాడు. నీ పిండి ఈనిన ఆవుకు బలమని కొంచెం కుడితిలో వేయిస్తి. అది వాసన చూసి వదిలేసె. పెయ్య మూతి పెట్టె..."

చెప్తూ చెప్తూ అక్కమ్మ ఆగింది. తన మాటే తనకు వినబడినట్టు మరదలి వైపు చూసింది.

"మిగిలింది?" అంది తిమ్మక్క.

"ఎందుకడుగుతావు?"

"మిగిలింది యాడుండాది వదినా?"

"సుజాతకు పంపిస్తి, చింతామణికి. వాళ్ళ అత్త ఈ బేస్తవారం బిడ్డకు రాగిసరి జావ మొదలు పెడతానని..."

ఆ రోజు బేస్తవారం.

తిమ్మక్క చెప్పింది. విత్తనాల బాన, మందు, వేపమండ, చెప్పడానికి ఎక్కువ మాటలు పట్టలేదు. కూతురు సుజాత బిడ్డ, ఇంకా పండ్లు కూడా రాని మగబిడ్డ, వాడి పేరు అక్కమ్మ నోటి నుంచి రాలేదు. ఆమె తిట్టలేదు, కొట్టలేదు. లేచి, కుడితి తొట్టి దగ్గరికి ఏ గొడ్డునూ పోనియ్యవద్దని పనిమనిషికి చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా తిమ్మక్క మణికట్టు పట్టుకుని వీధిలోకి నడిచింది.

చింతామణి బస్సు శిడ్లఘట్టలో ఆగింది. పట్టుగూళ్ళ గంపలు ఒక్కొక్కటే పైకి ఎక్కిస్తున్నారు. కండక్టరు ఎవరితోనో గూళ్ళ బాడుగ గురించి వాదిస్తున్నాడు. మామూలు రోజుల్లో అయితే అక్కమ్మ కిటికీలోంచి నాలుగు మాటలు అనేది. ఆ రోజు ఆమె పట్టుకున్న మణికట్టు విడవలేదు. అది కోపమో, భయమో, తాను పడిపోకుండా పట్టుకున్న ఆసరానో తిమ్మక్కకు తెలియలేదు. చేతి గాజు ఒకటి చర్మంలో దిగబడి నొప్పిగా ఉంది. వదలమని అడగలేదు.

బస్సు కదిలాక అక్కమ్మ ఒకే మాట అంది. "నువ్వు ఒక చిటికెడైనా నోట్లో వేసుకోని ఉంటే..."

"ఇచ్చేదాన్ని యాడన్నా రుచి చూస్తారా వదినా?"

"నేనూ చూడలే" అంది అక్కమ్మ.

చింతామణిలో సుజాతమ్మ అత్తగారి ఇల్లు అంగడి వీధి వెనక. అత్తగారు సుబ్బలక్ష్మమ్మ మర్యాదలో ఒక వెంట్రుక అటు ఇటు అయినా ఊరుకోని మనిషి. గుమ్మం పక్కన కూర్చుని బిడ్డ వెండి గిన్నె కడుగుతోంది. వీళ్ళను చూసి లేచింది.

"రండమ్మా రండి. ఇంతసేపటికి వస్తిరా అక్కమ్మా? అయిపాయె గదా."

అక్కమ్మ చేయి పట్టు జారింది. తిమ్మక్క ఆ గిన్నె వైపు చూసింది. నీళ్ళు కారుతున్న గిన్నె. అయిపోయింది. తన జీవితంలో అన్నిసార్లు, అందరి నోటా వినాలని ఆశపడిన మాట. ఆమె సుబ్బలక్ష్మమ్మను దాటుకుని, పలకరింపు కూడా లేకుండా లోపలికి పోయింది.

నడవలో సుజాతమ్మ ఒడిలో బిడ్డ ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. పెదవుల మీద, గడ్డం మీద గోధుమరంగు మరక ఎండి ఉంది.

తిమ్మక్క మోకాళ్ళ మీద కూర్చుని, చీర కొంగుతో బిడ్డ నోరు తుడిచి, ఆ కొంగు వాసన చూసింది. ఏ వాసనో తెలియలేదు. బిడ్డ ఉలిక్కిపడి కళ్ళు తెరిచి గుక్కపట్టి ఏడిచాడు. ఆ ఏడుపంత తీయటి శబ్దం ఆమె అంతకు ముందు వినలేదు.

"అత్తా, ఏమైంది? అది వస. మాటలు బిర్నా వస్తాయని మా అత్త నాలికకు రాసె."

"పిండి పెట్టితిరా సుజాతా? రాగిసరి పెట్టితిరా?"

"యాడ పెట్టేది? మంచి గడియకు వీడు నిద్రపోతా ఉండె. నిద్రపోయే బిడ్డను లేపకూడదని మా అత్త. ఇప్పుడు రాహుకాలం వచ్చె. గడియ అయిపాయెనని మా అత్త పొద్దన నుంచి ఒకటే రుసరుసలు. ఇంక మూడు దాటినాకనే."

గుమ్మంలో అక్కమ్మ ద్వారబంధాన్ని పట్టుకుని నిలబడింది. మెల్లగా కిందికి జారి కూర్చుంది.

పొయ్యి పక్కన మట్టి కుండలో సరి చిక్కగా, నున్నగా చల్లారి ఉంది. పైన ఇత్తడి మూత. పక్కనే సీసాలో తన పిండి. తిమ్మక్క కుండ ఒక చేత్తో, సీసా ఒక చేత్తో తీసుకుంది.

"అది ఎందుకు తీస్తివమ్మా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"ఇది వద్దు."

"వద్దంటే? మీరు ఇచ్చిందే గదా. ఇచ్చింది వాపసు లాక్కునే మర్యాద బాగేపల్లిలో ఉండాదేమో. చింతామణిలో లేదు."

తిమ్మక్క నోరు తెరిచింది. నిజం చెప్పాలనే తెరిచింది. విషం అనే మాట ఈ ఇంట్లో ఒకసారి పడితే, కోడలి పుట్టింటి నుంచి వచ్చిన విషం అనే మాటగానే ఉండిపోతుందని, సుజాత ముసలిదై పోయిందాకా ఆ మాట ఆమె వెంట తిరుగుతుందని తెలిసి కూడా, ఇంకే మాటా దొరక్క, చెప్పబోయింది.

"మైల పిండి వదినా అది" అంది గుమ్మంలోంచి అక్కమ్మ. గొంతు నిలకడగా ఉంది. "మా మరదలు పిండి ఏపిన దినాల్లో వాళ్ళ పుట్టింట్లో సూతకం. కబురు ఆలస్యంగా వచ్చె. తెలీక ఆయమ్మ ఏపె, తెలీక నేను పంపిస్తి. తెలిసినంకనే పడతా లేస్తా వస్తిమి. తొలి ముద్ద మైలది పెడితే ఎట్ల?"

సుబ్బలక్ష్మమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. మరి మర్యాద మాట ఎత్తలేదు.

"అయ్యో, ముందే తెలిస్తే పొయ్యి మీద పెడుదునా? ఇంక పొయ్యంతా అలకాల. సుజాతా, బిడ్డను అవతలికి ఎత్తుకో. ఆ కుండ కూడా ఉంచొద్దమ్మా, పారెయ్యి. సీసా కూడా."

పెరట్లో తిమ్మక్క గునపంతో మొదలుపెట్టి, తర్వాత చేతులతో గుంత తవ్వింది. కుండ, సీసా, సరి అన్నీ పూడ్చి, పైన బండరాయి పెట్టి, కోళ్ళు గీకకుండా ముళ్ళకంప కప్పింది. మైల ముట్టినవాళ్ళు గనక ఇద్దరూ బావి దగ్గర తలమీద నీళ్ళు పోసుకోక తప్పలేదు. చన్నీళ్ళు పడగానే తిమ్మక్కకు వణుకు మొదలైంది. ఆ వణుకు తగ్గింది గానీ చేతుల్లో కొంచెం మిగిలిపోయింది. ఆ పేలాల పొగ వల్లనో, ఆ రోజు భయం వల్లనో, ఎవరూ తేల్చి చెప్పలేదు.

తిరుగు బస్సులో అక్కమ్మ తడి జుట్టు ఆరబెట్టుకుంటూ, "నీ కోసరం చెప్పలే నేను. సుజాత కోసరం చెప్తి" అంది. ఇంకొంత దూరం పోయాక, "నీ కోసరం కూడా" అంది.

ఆ ఏడు ఆంజనేయప్ప చేలో రాగులు నడుమెత్తు పెరిగాయి. మొలకెత్తాక మందు ఉండదని గ్రామసేవకుడు చెప్పాడు, భర్తా చెప్పాడు. అయినా ఆ పంట తిమ్మక్క తినలేదు, ఆ గట్టు మీద నడవలేదు. ఆంజనేయప్ప మందు బానకు ఎర్రగుడ్డ కట్టడం మొదలుపెట్టాడు. తర్వాత ఊరంతా అదే అలవాటైంది. ఎందుకని అడిగితే, "బాగా కనపడతాదని" అనేవాడు.

ఇవ్వడం మానేస్తుందేమోనని అక్కమ్మ అనుకుంది. మానలేదు. బిడ్డకు ఏడాది నిండిన పండుగకు తిమ్మక్క చింతామణి వచ్చింది. నువ్వులు బెల్లం దంచి చేసిన చిగిళి ఉండలు డబ్బీలో ఉన్నాయి. సుబ్బలక్ష్మమ్మ తీసుకోవడానికి చేయి చాచింది. తిమ్మక్క చేతులు డబ్బీని వదలలేదు. నిలబడే మూత తీసి, ఒక ఉండ నోట్లో వేసుకుని, అందరి ఎదుటా నమిలి మింగింది.

"ఏమ్మా, మాకు ఎంగిలి పెట్టేదానికి వస్తివా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

తిమ్మక్క డబ్బీ ఒడిలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. బిడ్డ పాకుతూ వచ్చి డబ్బీ మీద చేయి వేస్తే, ఆ చేయి మెల్లగా తీసి పక్కన పెట్టింది. అప్పుడు అక్కమ్మ చేస్తున్న పని వదిలేసి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. మణికట్టు పట్టుకుంది. ఈసారి గట్టిగా కాదు. వాకిట్లో నీడ జరిగిందాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. తర్వాత అక్కమ్మే మొదటి ఉండ తీసుకుని తిన్నది.

ఆ తర్వాత తిమ్మక్క బతికినన్నాళ్ళూ అట్లాగే ఇచ్చింది. ఎందుకో అక్కమ్మకు తెలుసు, ఆంజనేయప్పకు తెలుసు. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. తిమ్మక్క పోయాక, సుబ్బలక్ష్మమ్మ కూడా పోయాక, ఒకనాడు అక్కమ్మ ఇదంతా ఇంట్లోవాళ్ళకు చెప్పింది. అప్పటికి ఆమెకు చూపు తగ్గింది.

ఇప్పుడు ఎవరైనా తినేది తెచ్చి చేతికిస్తే అక్కమ్మ వెంటనే నోట పెట్టదు. పళ్ళెం కాస్త ముందుకు జరిపి, గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. చల్లారిపోతుంది, తినమ్మా అని కోడళ్ళు తొందరపెడితే, పక్కన ఎవరో కూర్చుని ఉన్నట్టు చేయి అటు చాచి, "ఉండండే, తిమ్మక్క లేచి పోనీ" అంటుంది.